2⁶¹−1 మాడ్యులస్, 256 బేస్: లెడ్జర్‌లోంచి రివర్సల్స్ ఎందుకు మాయమయ్యాయి

బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారుల మధ్య జరిగే చెల్లింపులన్నీ ఒకే లెడ్జర్‌లోకి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఇది. రాసింది మాదాపూర్‌లోని ఒక చిన్న టీమ్. ప్రతి చెల్లింపూ రెండు పుస్తకాల్లో ఉంటుంది: ఇచ్చినవారి పుస్తకంలో ఖర్చు కింద, పుచ్చుకున్నవారి పుస్తకంలో జమ కింద. వోచర్ నంబర్లు ఎవరివి వారివే కాబట్టి వాటితో జత కలపడం కుదరదు. అందుకని ప్రతి ఎంట్రీని ఒకే నమూనాలోకి మార్చి, దానికి హాష్ (బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే ఒక గుర్తింపు సంఖ్య) లెక్కగట్టి, హాష్ కలిస్తే రెండోదాన్ని డూప్లికేట్ అని తీసేసేవారు.

ఆ నమూనా కొలతలు ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తప్పంతా వాటికీ, హాష్‌లో వాడిన ప్రైమ్ (ప్రధాన సంఖ్య) 2⁶¹−1కీ మధ్య ఉన్న సంబంధంలోనే ఉంది. ఇచ్చినవారి పేరుకు 60 బైట్లు, తర్వాత ఒక నిలువు గీత. పుచ్చుకున్నవారి పేరుకు 60 బైట్లు, మళ్లీ ఒక గీత. మొత్తం పైసల్లో 12 అంకెలు, గీత. తేదీ 8 అంకెలు, గీత. ఆ ఇద్దరి మధ్య ఆ దిశలో ఆ రోజు అది ఎన్నో చెల్లింపో చెప్పే 2 అంకెలు. పేరు పొట్టిగా ఉంటే మిగతా చోటంతా స్పేస్‌లు. మొత్తం 146 బైట్లు.

నెలాఖరు లెక్కల్లో తేడాలు వచ్చాయి. వచ్చిన ప్రతిచోటా కథ ఒకటే: పొద్దున మల్లేశ్ సుజాతకు 48,500 రూపాయలు పంపాడు, సరుకు వెనక్కి పోయింది, సాయంత్రానికి సుజాత అదే మొత్తం మల్లేశ్‌కు తిరిగి పంపింది (ఇదే రివర్సల్). లెడ్జర్‌లో మొదటిది ఉంది, రెండోది లేదు. డబ్బు మర్నాడు వెనక్కి వచ్చిన ఎంట్రీలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఈ ఒక్క ఆనవాలు చాలు, కారణం చాలావరకు పట్టేయొచ్చు. తేదీ, మొత్తం, వరుస సంఖ్య ఒకటే అయి పేర్లు మాత్రం తారుమారైనప్పుడే ఎంట్రీ పోతోంది. అంటే హాష్‌కు ఆ రెండు పేర్ల స్థానాల మధ్య తేడా తెలియడం లేదు.

హాష్ సూత్రం అందరికీ తెలిసిన బహుపది హాషే. బైట్లను గుణకాలుగా తీసుకుని, ఒక బేస్ ఘాతాలతో గుణించి కూడి, 2⁶¹−1తో భాగిస్తే వచ్చే శేషం. ఈ భాజకమే మాడ్యులస్. బేస్ 256. పొడవాటి వివరణల్లో పదాలు వెతకడానికి ఇదే లైబ్రరీని రోలింగ్ హాష్‌గా వాడుతున్నారు, డూప్లికేట్ల పనికీ దాన్నే పెట్టారు.

ముందుగా కొట్టివేయాల్సిన అనుమానాలు

"ఎక్కడో యాదృచ్ఛికంగా కొలిజన్ వచ్చి ఉంటుంది", అంటే వేరువేరు రికార్డులకు ఒకే హాష్ వచ్చి ఉంటుంది అనేది మొదటి మాట. లెక్క వేస్తే అది నిలబడదు. ఒకే పొడవున్న రెండు వేరువేరు రికార్డుల హాష్‌ల తేడా అంటే 145కి మించని ఘాతం గల బహుపది విలువ. మాడ్యులస్ ప్రధాన సంఖ్య అయితే శేషాలన్నీ కలిసి ఒక క్షేత్రం (సున్నా కాని దేనితోనైనా భాగించగలిగే సంఖ్యల గుంపు) అవుతాయి, క్షేత్రంలో అలాంటి బహుపదికి 145కి మించి మూలాలు (దాని విలువను సున్నా చేసే బేస్‌లు) ఉండవు. కాబట్టి బేస్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఒక జత ఢీకొనే అవకాశం 145ను 2.3 × 10¹⁸తో భాగించినంత. పది లక్షల రికార్డుల్లో జతలు సుమారు 5 × 10¹¹. రెండూ గుణిస్తే మొత్తంలో ఒక్క కొలిజన్ అయినా వచ్చే అవకాశం లక్షకు 3కి అటూ ఇటూ. ఇక్కడ ప్రతి అదే రోజు రివర్సలూ పోతోంది. యాదృచ్ఛికం ఇంత క్రమశిక్షణగా ఉండదు.

రెండో అనుమానం ప్రైమ్ మీద: అసలు ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనా? 2⁶¹−1 అంటే 2305843009213693951, 19 అంకెలు. 2ⁿ−1 ప్రధాన సంఖ్య అయ్యే ఘాతాలంటూ 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలో 61 లేదు. ఉండకూడని 67 ఉంది. 61 సంగతి 1883లో పెర్వూషిన్ తేల్చాడు. 2⁶⁷−1 అనేది 193707721, 761838257287ల లబ్ధమని 1903లో కోల్ చూపించాడు. ఈ చరిత్ర తెలిసినవాళ్లు కూడా తమ కోడ్‌లో ఉన్న స్థిరాంకాన్ని ఒకసారి పరీక్షించుకోవడమే మంచిది. ఒక అంకె తప్పు టైప్ అయినా ప్రోగ్రామ్ నోరెత్తకుండా పనిచేసుకుపోతుంది.

ఈ రూపంలోని సంఖ్యలకు లూకాస్–లేమర్ పరీక్ష ఉండగా వేరే దారి పట్టనక్కర్లేదు. 4తో మొదలుపెట్టాలి. ప్రతి అడుగులో వర్గం చేసి 2 తీసేసి, శేషం తీసుకోవాలి. ఘాతం 61 అయితే 59 అడుగులు. చివరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. చేత్తో చేసి చూడాలంటే 2⁷−1, అంటే 127 తీసుకోండి. 4, 14, తర్వాత 194 శేషం 67, 67 వర్గంలోంచి 2 తీస్తే 4487, శేషం 42. 42 నుంచి 1762, శేషం 111. 111 నుంచి 12319, అది సరిగ్గా 127 × 97, శేషం సున్నా. అయిదు అడుగులు. 61కీ ఇదే పని, సంఖ్యలే పెద్దవి.

నేరుగా భాగించి చూసుకోవాలన్నా పెద్ద పనేమీ కాదు. 2⁶¹−1కు కారణాంకం అంటూ ఉంటే అది 122 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలి, 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఆ లెక్కన మొట్టమొదట చూడాల్సినది 367. వర్గమూలం సుమారు 151 కోట్ల 85 లక్షలు. ఈ రెండు షరతులూ దాటుకుని అక్కడిదాకా మిగిలేవి దాదాపు 62 లక్షల సంఖ్యలే. ఇప్పటి మామూలు ల్యాప్‌టాప్‌కు అది లెక్కలోది కాదు.

రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి: మాడ్యులస్ ప్రధాన సంఖ్యే.

తప్పు బేస్‌లో ఉంది

2⁶¹−1తో భాగించినప్పుడు 2⁶¹ శేషం 1. ఈ ప్రైమ్‌ను అందరూ ఇష్టపడేది ఇందుకే. భాగహారం అక్కర్లేదు. 61 బిట్లకు పైనున్న భాగాన్ని కిందికి దించి కూడితే సరి. కానీ అదే వాక్యాన్ని ఇంకో వైపు నుంచి చదవండి. 2ను 61 సార్లు గుణిస్తే మళ్లీ 1 దగ్గరికే వచ్చేస్తాం. అంటే ఈ ప్రైమ్ కింద 2కు ఆర్డర్ 61. 256 అంటే 2⁸. 8కీ 61కీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 256 ఆర్డర్ కూడా సరిగ్గా 61. దాదాపు 2.3 × 10¹⁸ శేషాలున్న చోట 256 ఘాతాలు తిరిగేది 61 మెట్లలోనే.

61 బిట్ల గుండ్రటి చక్రం మీద 256తో గుణించడం అంటే ఎనిమిది గడులు జరపడం. 61 సార్లు జరిపితే 488 గడులు, అంటే ఎనిమిది పూర్తి చుట్లు, మళ్లీ మొదటికే. టీమ్ 256ను ఎంచుకున్నది కూడా గుణకారం తప్పి జరపడంతో సరిపోతుందనే. వేగం ఇచ్చిన గుణమే హాష్‌ను గుడ్డిది చేసింది.

ఇప్పుడు నమూనా కొలతలు గుర్తు తెచ్చుకోండి. మొదటి పేరు 0వ బైట్ దగ్గర మొదలవుతుంది, రెండో పేరు 61వ బైట్ దగ్గర. 60 బైట్ల పేరు, ఒక గీత కలిపితే సరిగ్గా 61. 0వ బైట్ తూకం 256¹⁴⁵, 61వ బైట్ తూకం 256⁸⁴. 145నూ 84నూ 61తో భాగిస్తే రెండింటికీ శేషం 23. కాబట్టి తూకం ఒకటే. మల్లేశ్ పేరులోని ప్రతి బైట్‌కూ, సుజాత పేరులో అదే వరుసలో ఉన్న బైట్‌కూ ఇది వర్తిస్తుంది. "మల్లేశ్" 7 కోడ్ పాయింట్లు, 21 బైట్లు, వెనక 39 స్పేస్‌లు. "సుజాత" 5 కోడ్ పాయింట్లు, 15 బైట్లు, 45 స్పేస్‌లు. రెండు గడుల్లో ఎవరిని ఎక్కడ పెట్టినా కూడిక మారదు. 0, 61, 122 స్థానాలు కూడా ఒకే తూకం మీద పడతాయి. నిజానికి 146 బైట్ల రికార్డు 61 నిలువు వరుసలుగా మడతపడి, ఏ వరుసకా వరుస కూడబడుతోంది.

ఇదంతా నమ్మబుద్ధి కాకపోతే 127 మీద చూడండి. బేస్ 2, ఆర్డర్ 7. ఎనిమిది అంకెల 50000003 తీసుకుంటే 5 × 128 + 3 = 643, శేషం 8. మొదటి అంకె, చివరి అంకె మార్చి 30000005 చేస్తే 3 × 128 + 5 = 389, శేషం 8.

మడతతోనే అయిపోలేదు. 256⁸ అంటే 2⁶⁴, దాని శేషం 8. 256²³ అంటే 2¹⁸⁴, దాని శేషం 2. అంటే 23 స్థానాల దూరంలో ఉన్న రెండు బైట్లలో ముందుదాన్ని 1 పెంచి వెనకదాన్ని 2 తగ్గిస్తే హాష్ కదలదు. 8 స్థానాల దూరంలో అయితే ముందుది 1 పెంచి వెనకది 8 తగ్గించాలి. ఈ నమూనాలో అలాంటి ఎంట్రీలు సహజంగా రావడం అరుదు. పేరు గడి గీతతో కలిపి 61 బైట్లు కాకుండా 64 అయ్యుంటే రివర్సల్స్ కూడా పోయేవి కావు, తప్పు మాత్రం లోపలే ఉండిపోయేది. అందుకే గడి పొడవు మార్చి ఊరుకోవడం పరిష్కారం కాదని నా గట్టి అభిప్రాయం. ఆ సూచన చర్చలో అందరికన్నా ముందు వచ్చేదీ, అందరికన్నా ప్రమాదకరమైనదీ కూడా.

పైన వేసిన "లక్షకు 3" లెక్క 256కు ఎందుకు వర్తించలేదో ఇప్పుడు తెలుస్తుంది. బహుపదికి 145 మూలాలే ఉండొచ్చు, కానీ ఆ మూలాల్లో 256 ఒకటి కాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. పేర్లు తారుమారైన ప్రతి జతకూ 256 ఒక మూలమే. హామీ యాదృచ్ఛిక బేస్‌కు మాత్రమే.

బేస్ ఎంపిక

ఈ ప్రైమ్‌లో ఏ బేస్‌కు ఏ ఆర్డర్ ఉంటుందో తెలియాలంటే దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్య కారణాంకాలు చూడాలి. 2⁶¹−2 = 2 × 3² × 5² × 7 × 11 × 13 × 31 × 41 × 61 × 151 × 331 × 1321. ఏ ఆర్డర్ అయినా ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించాలి. 61 ఆ జాబితాలో ఉంది, 2 ఆర్డర్ అక్కడే ఇరుక్కుంది. −2 తీసుకుంటే 122. 2 ఘాతాలన్నీ, వాటి ముందు రుణ గుర్తు పెట్టినవీ ఈ గుంపే. మనుషులు "చక్కటి సంఖ్య" అని ఎంచుకునే 256, 65536 లాంటివన్నీ ఇందులోకే వస్తాయి.

పూర్తి ఆర్డర్ ఉన్న బేస్‌ను ప్రిమిటివ్ రూట్ అంటారు. పరీక్ష తేలిక: పైన ఉన్న 12 వేరువేరు ప్రధాన కారణాంకాల్లో ఒక్కొక్కదానితో 2⁶¹−2ను భాగించి, ఆ ఘాతానికి బేస్‌ను హెచ్చించాలి. పన్నెండింటిలో ఎక్కడా 1 రాకూడదు. ఈ ప్రైమ్ కింద దాదాపు 17.6 శాతం శేషాలు ప్రిమిటివ్ రూట్లు. అయినా బేస్ తప్పనిసరిగా ప్రిమిటివ్ రూట్ కావాలన్న నియమం పెట్టొద్దనే చెబుతాను. ఎంపిక చేసే గుంపు ఆరో వంతు కంటే కొంచెం పెద్దదిగా కుదించుకుపోతే కొలిజన్ హద్దు కూడా అంతకంతా బలహీనపడుతుంది, ప్రతిఫలం ఏమీ ఉండదు. 146 లోపు ఆర్డర్ ఉన్న శేషాలు అన్నీ కలిపినా 11 వేలు దాటవు. యాదృచ్ఛికంగా తీస్తే అవి తగలవు.

టీమ్ చివరికి పెట్టుకున్న పరీక్ష ఇది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే భద్రమైన యాదృచ్ఛిక మూలం నుంచి 2కూ 2⁶¹−3కూ మధ్య ఒక బేస్ తీయాలి. 1 నుంచి 145 దాకా దాని ప్రతి ఘాతాన్నీ 1 నుంచి 255 దాకా ప్రతి సంఖ్యతో గుణించాలి. వచ్చిన శేషం 255 లోపు ఉన్నా, మాడ్యులస్‌కు 255 దూరంలోపు ఉన్నా ఆ బేస్ పనికిరాదు. బైట్ల తేడా 255 దాటదు కాబట్టి, ఇది గట్టెక్కిన బేస్‌తో ఏ రెండు బైట్లు మాత్రమే మారిన రికార్డులూ ఎప్పటికీ ఢీకొనవు. మొత్తం గుణకారాలు 36,975 చిల్లర. 256ను ఈ పరీక్షలో పెడితే 7వ ఘాతం దగ్గరే పట్టుబడిపోతుంది.

హాష్‌లు డేటాబేస్‌లో నిలవ ఉంటాయి కాబట్టి ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ కొత్త బేస్ తీయకూడదు. ఒక్కసారి తీసి, కాన్ఫిగరేషన్‌లో దాచి, హాష్ కాలమ్ పక్కన బేస్ వెర్షన్ నంబర్ రాయాలి.

గుణకారంలో జారే చోట్లు

బేస్ యాదృచ్ఛికం అయ్యాక జరపడం సరిపోదు, నిజమైన గుణకారం కావాలి. రెండు 61 బిట్ల సంఖ్యల లబ్ధం 122 బిట్లు. 128 బిట్ల పూర్ణాంకం దొరికే చోట దిగువ 61 బిట్లు, ఎగువ బిట్లు విడదీసి కూడి, మాడ్యులస్‌కు సమానం లేదా ఎక్కువైతే ఒకసారి తీసేస్తే చాలు. "సమానం" అన్న మాట వదిలేస్తే 61 ఒకట్లతో నిండిన విలువ సున్నాకు రెండో రూపంగా మిగిలిపోతుంది. అప్పుడు ఒకే రికార్డుకు రెండు హాష్‌లు రావొచ్చు.

128 బిట్లు లేని చోట ప్రతి సంఖ్యనూ ఎగువ 30, దిగువ 31 బిట్లుగా విడగొట్టాలి. ఎగువ–ఎగువ లబ్ధం 2⁶²తో గుణించబడుతుంది, అంటే రెట్టింపు చేస్తే చాలు. రెండు అడ్డ లబ్ధాల మొత్తాన్ని 30 బిట్ల దగ్గర కోసి, పై ముక్కను అలాగే, కింది ముక్కను 31 బిట్లు ఎడమకు జరిపి కూడాలి. దిగువ–దిగువ లబ్ధం నేరుగా కూడాలి. ఈ కూడిక గుర్తు లేని 64 బిట్ల రకంలో చేస్తే నిశ్చింత. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్లు 2⁵³ దాకానే కచ్చితం కాబట్టి అక్కడ బిగ్‌ఇంట్ వాడక తప్పదు. ఫలితం 61 బిట్లే కాబట్టి డేటాబేస్‌లో గుర్తున్న 64 బిట్ల కాలమ్‌లో రుణ సంఖ్య కాకుండా కూర్చుంటుంది. ఇది ఈ ప్రైమ్ ఇచ్చే చిన్న సౌకర్యం.

తెలుగు పేర్ల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ 128 పైన ఉంటాయి: మొదటిది 224, రెండోది 176 గానీ 177 గానీ. జావాలో బైట్ రకానికి గుర్తు ఉంటుంది, 224 అక్కడ −32 అవుతుంది. పైథాన్‌లో అది 224 గానే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన పేర్లకు రెండు సర్వీసులూ ఒకే హాష్ ఇస్తాయి, తెలుగు పేర్లకు మాత్రం ఇవ్వవు. టెస్టుల్లో అన్నీ ఇంగ్లిష్ పేర్లే ఉంటే ఇది ఎప్పటికీ బయటపడదు. గుణించే ముందు బైట్‌ను 0–255 మధ్యకు తెచ్చుకోవాలి.

60 బైట్ల దగ్గర పేరు కోయడం కూడా చూసుకోవాలి. అచ్చంగా తెలుగు అక్షరాలైతే 20 కోడ్ పాయింట్లు సరిగ్గా పడతాయి. మధ్యలో ఒక్క స్పేస్ ఉంటే కోత అక్షరం నడుమ పడుతుంది, తెగిన రెండు బైట్లను ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా సర్దుతుంది. అక్షరం పూర్తయిన చోటే ఆపి మిగతా స్పేస్‌లతో నింపాలి. పొల్లు తర్వాత కంటికి కనబడకుండా చేరే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను నమూనాలోంచి ముందే తీసేయాలి.

మాడ్యులస్ మార్చాలా?

కొందరు మాడ్యులో తీసేసి 64 బిట్ల పొంగును (64 బిట్లు దాటిన భాగం దానంతటదే రాలిపోవడాన్ని) అలాగే వదిలేద్దామంటారు, అంటే మాడ్యులస్ 2⁶⁴. అక్కడ క్షేత్రం ఉండదు, మూలాల హద్దూ ఉండదు. 1024 పొడవున్న థ్యూ–మోర్స్ వరుస (0, 1లతో కట్టే ఒక ప్రసిద్ధ వరుస), అందులో 0ను 1గా, 1ను 0గా మార్చిన వరుస ఏ బేసి సంఖ్య బేస్ అయినా సరే ఢీకొంటాయి. వాటి తేడా పది కారణాంకాల లబ్ధంగా విడిపోతుంది. అందులో 2 ఘాతాలు కనీసం 1, 3, 4, 5 అంటూ 11 దాకా చేరి మొత్తం సరిగ్గా 64 అవుతాయి. సరి సంఖ్య బేస్ అయితే ఇంకా అధ్వానం, 64 స్థానాల వెనకున్న బైట్లు పూర్తిగా చెరిగిపోతాయి. 2⁶¹−1ను ఉంచుకోవడమే సరైన నిర్ణయం.

అయితే ఈ ప్రైమ్‌ను ఎక్కడ పడితే అక్కడ వాడకూడదు. 2⁶¹−2లో అతి పెద్ద ప్రధాన కారణాంకం 1321 మాత్రమే కాబట్టి పోలిగ్–హెల్‌మన్ పద్ధతిలో డిస్క్రీట్ లాగరిథం (ఫలితాన్ని చూసి ఘాతం ఎంతో కనుక్కోవడం) ఇట్టే దొరికిపోతుంది. ఎన్‌క్రిప్షన్ తాళంచెవుల మార్పిడికి ఇది పనికిరాదు. ఆ సంఖ్యలో 2 ఒక్కసారే ఉంది కనుక 2 ఘాతాల పొడవున్న సంఖ్యా ఫోరియర్ పరివర్తనకూ (పెద్ద గుణకారాలను వేగంగా చేసే పద్ధతికీ) నేరుగా పనికిరాదు. దానికి 119 × 2²³ + 1, అంటే 998244353 లాంటిది కావాలి. వర్గమూలాలు కావాల్సిన చోట మాత్రం హాయి: మూలం ఉన్న శేషాన్ని వరసగా 59 సార్లు వర్గం చేస్తే వర్గమూలం చేతికొస్తుంది.

పోయిన ఎంట్రీల వెలికితీత

హాష్ కలిసినంత మాత్రాన ఎంట్రీ తీసేయడం అసలే చేయకూడని పని. 146 బైట్లు పక్కపక్కన పెట్టి పోల్చడానికి పట్టే సమయం లెక్కలోకే రాదు. కొత్త కోడ్‌లో హాష్ కలిస్తే బైట్లు పోలుస్తారు, అవీ కలిస్తేనే డూప్లికేట్. బైట్లు తేడాగా ఉంటే లాగ్‌లో రాసి రెండు ఎంట్రీలనూ ఉంచుతారు.

వ్యాపారుల అసలు పుస్తకాల కాపీలు భద్రంగా ఉండటం అదృష్టం. వాటి నుంచి నమూనా మళ్లీ కట్టి, ప్రతి రికార్డుకూ పాత 256 హాష్, కొత్త హాష్ రెండూ లెక్కగట్టారు. పాతది ఒకటై కొత్తవి వేరైన జతలే వెతుకుతున్న జాబితా. ఒక్కో జతలో పేర్లు తారుమారయ్యాయా అని విడిగా గుర్తు పెట్టుకున్నారు, కాని జతలుంటే వేరే కారణం వెతకాలి కనుక. జాబితాలోని రివర్సల్స్‌ను లెడ్జర్‌లోకి తిరిగి ఎక్కించేటప్పుడు అసలు తేదీనే ఉంచి, ఎక్కించిన తేదీని వేరే కాలమ్‌లో రాశారు. అప్పటికే మూసేసిన నెలల నిల్వలు మారాయి కాబట్టి సంబంధిత ఖాతాదారులిద్దరికీ సవరణ పత్రం పంపాకే ఆ నెలలను మళ్లీ మూశారు.